వాగు దాటే బండి

మృదుల బండి కొనాలని నిశ్చయించుకున్నది భర్తను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి తెచ్చిన రోజున.

శివరామకృష్ణ ఎడమకాలు మోకాలి దగ్గర వంగదు. ఏడాది కిందట స్కూటరు మీద ఇంటికొస్తుంటే ఆరాంఘర్ దగ్గర లారీ గుద్దింది. ఎముక ముక్కలైంది. డాక్టర్లు ఆ కాలిని నిలబెట్టగలిగారు గానీ వంచలేకపోయారు. ఆటో ఎక్కితే ఆ కాలు బయటికి చాచి, రెండు చేతులతో తొడ పట్టుకుని కూర్చోవాలి. ఆ రోజు అదే ఆరాంఘర్ చౌరస్తాలో ఒక సైకిలు హ్యాండిలు అతని పాదాన్ని రాసుకుంటూ పోయింది. అతను అమ్మా అనలేదు, సైకిలువాణ్ణి తిట్టలేదు. కళ్లు మూసుకున్నవాడు శంషాబాద్ వచ్చేదాకా తెరవలేదు.

ఆటోవాడు బెంగుళూరు రోడ్డు మీదే దింపేసి వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి వాళ్ల కోళ్లఫారానికి రావిర్యాల వైపు మట్టిబాట. దారి మధ్యలో వాగు. దానికి వంతెన లేదు, ఎప్పుడో ఎడ్లబండ్లవాళ్లు పరిచిన బండరాళ్లు మాత్రం ఉన్నాయి. ఎండాకాలం కాబట్టి వాగు పొడిగానే ఉంది. అయినా ఆ రాళ్ల మీద చంకకర్ర జారుతుందని మృదుల అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని దాటించింది. గట్టెక్కాక అతను ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"ఫారం ఎవరికైనా లీజుకిచ్చేద్దాం మృదులా. సిటీలో చిన్న వాటా ఏదైనా చూసుకుందాం. వానలు పడ్డాయంటే నన్ను మోసుకెళ్లాల్సిందే."

ఈ మాట అతను అనడం మొదటిసారి కాదు. ఇన్నాళ్లూ ఆమె "చూద్దాంలెండి" అంటూ దాటేసేది. ఈసారి ఆగి నిలబడింది.

"లీజుకివ్వొద్దు. బండి కొందాం. నేను నడుపుతాను."

తణుకు నుంచి పదేళ్ల కిందట వచ్చి, బండలూ తుప్పలూ తప్ప ఏమీ లేని చోట షెడ్లు వేసి, కోళ్లకు దాణా మోసి, కుంపట్లు రాజేసి నిలబెట్టిన ఫారం అది. అతను ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె ఒక్కతే రెండు బ్యాచీల కోళ్లను గట్టెక్కించింది. అత్తాపూర్‌లో ఒక డ్రైవింగ్ స్కూలువాళ్ల ముసలి ఫియట్ మీద నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ లైసెన్సు ఎప్పుడైనా పనికొస్తుందని మాత్రం అతను అనుకోలేదు.

శివరామకృష్ణకి బండ్లంటే ప్రాణంగా ఉండేది. ఇంట్లో కూర్చుని, హైవే మీద పోతున్న బండి ఏదో శబ్దాన్నిబట్టి చెప్పేవాడు. ప్రమాదం తర్వాత ఆ వైపు చెవి పెట్టడం మానేశాడు. అందుకే ఆ సాయంత్రం అన్నాలయ్యాక మృదుల కావాలనే అడిగింది.

"వాగు దాటాలి. అత్తయ్య ఎక్కగలగాలి. మీ కాలు లోపల పట్టాలి. నేను తిప్పగలగాలి. అలాంటి బండి ఏదో మీరే చెప్పండి."

అతను చాలాసేపు పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "పెద్ద జీపులు వాగు దాటుతాయి. కానీ వాటి స్టీరింగు నీ చేతులకి బరువు. నువ్వు తిప్పగలిగింది జిప్సీ ఒక్కటే."

"అందులో రకాలున్నాయా?"

"ఉన్నాయి. మొదట్లో వచ్చినవి ఇరుకు. అటు చక్రానికీ ఇటు చక్రానికీ మధ్య ఎడం తక్కువ, ఒంపుల్లో భయం పుట్టిస్తాయి. తర్వాత ఆ ఎడం పెంచారు, కాస్త నిలకడగా పోతాయి. ఈమధ్య ఇంజను కూడా పెద్దది చేశారు." చెప్తూ చెప్తూ అతను నిటారుగా కూర్చున్నాడు. అంతలోనే తగ్గిపోయి, "ఏ రకమైనా కింద స్ప్రింగు పట్టాల మీద ఎగిరెగిరి పడుతుంది. కూర్చున్నవాళ్ల నడుములకి గ్యారంటీ లేదు" అన్నాడు.

"అయితే మూడు రకాలూ చూద్దాం. ఏది చూసినా మన దారి మీద, మన బరువుతో, నేను నడిపి చూశాకే అవుననడం."

మూలన పీట మీద కూర్చుని తమలపాకు చుడుతున్న మంగాదేవి తలెత్తింది. డెబ్బైకి దగ్గరపడిన పొట్టి మనిషి, ఒళ్లు చేసింది, మోకాళ్లు అరిగాయి. "నేను ఎక్కలేని బండి ఎంత గొప్పదైతే నాకెందుకే అమ్మాయ్? ముందు నన్ను ఎక్కించి చూడండి" అంది.

ముందు కొత్తది చూశారు. సిటీలో షోరూముకి శివరామకృష్ణ రానన్నాడు. మృదుల అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లింది. అద్దంలా మెరిసే గచ్చు మీద తెల్లటి జిప్సీ నిలబెట్టి ఉంది. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు. మంగాదేవి ఎక్కలేకపోతుంటే లోపలికెళ్లి పీట తెచ్చి వేశాడు. ఆమె పీట మీద నుంచి బండిలోకి చేరి, చీర సర్దుకుని, "ఈ పీట కూడా బండితోపాటే ఇస్తారా బాబూ?" అని అడిగింది. అతను నవ్వి ఊరుకున్నాడు.

మృదుల తారు రోడ్డు మీద ఒక చుట్టు నడిపింది. ఇంజను ఎక్కడా ఆయాసపడలేదు. కాలు తాకితే చాలు ముందుకి దూకుతోంది. ఆమెకి నచ్చింది, బాగా నచ్చింది. తిరిగొచ్చాక, "దీన్ని శంషాబాద్ తీసుకొచ్చి మా వాగులో ఒకసారి దింపుదామండీ" అంది. ఆ కుర్రాడు ఇబ్బందిగా మొహం పెట్టాడు. కొత్త బండిని బురదలో దింపడానికి మేనేజరు ఒప్పుకోడన్నాడు. కొనుక్కున్నాక మీ ఇష్టమన్నాడు. పైగా ఇవాళ చెప్తే బండి చేతికొచ్చేది వానాకాలం వెళ్లాకేనని తేలింది.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే శివరామకృష్ణ గోడకేసి చూస్తూ విన్నాడు. చివర్లో, "ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగిందా, రెండోదానికి రావాల్సొచ్చిందా?" అని అడిగాడు.

మృదులకి గుర్తులేదు. గుర్తుండి ఉంటే చెప్పేదేమో. "నాకేం తెలుసు? మీరొస్తే తెలిసేది" అంది.

రెండో బండి చూడ్డానికి వస్తానని మర్నాడు అతను తనే అన్నాడు.

అది ఆరాంఘర్ దాటాక బుచ్చయ్య అనే బ్రోకరు దగ్గరుంది. మొదటి రకం బండి, పైన కొత్త గుడ్డ టాపు, ఒంటినిండా కొత్త ఆకుపచ్చ రంగు. ఆటోలో కాలు బయటపెట్టి ఆ చౌరస్తా మీదుగానే వెళ్లాలి. మృదుల ఈసారి కాలు వైపు తను కూర్చుని, తన చెయ్యి అడ్డం పెట్టింది.

బుచ్చయ్య ఎదురొచ్చి ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు. "ఆఫీసర్ సాబ్ వాడిన బండి సార్. ఒక్క చెయ్యి మీదనే నడిచింది. ఇంటిల్లిపాది మంచిగ తిరగొచ్చు."

"ముందు సీట్లో కూర్చుని చూడండి" అంది మృదుల భర్తతో.

అతను చంకకర్ర ఆమెకిచ్చి, తలుపు పట్టుకుని, నడుము లోపలికి చేర్చాడు. కాలు చేరలేదు. సీటు ఎంత వెనక్కి జరిపినా పాదం ముందున్న రేకుకి తన్నుకుంటోంది. రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి నొప్పికి నుదురంతా చెమట పట్టింది. దిగిపోయి, "నడుపు, నేను బయట్నుంచి చూస్తాను" అన్నాడు.

"మీరా అక్కా నడిపేది?" అన్నాడు బుచ్చయ్య.

"నేనే" అంది మృదుల, తాళం కోసం చెయ్యి చాపుతూ.

వెనకున్న ఖాళీ జాగాలో ఆమె అటు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. స్టీరింగు కాస్త వదిలితే చాలు, బండి ఎడమకి పోతోంది. అదే మాట దిగాక చెప్పింది. శివరామకృష్ణ నేల వైపు చూపించాడు. రాత్రి కురిసిన జల్లుకి మట్టి మెత్తగా ఉంది. ముందు చక్రాల జాడ ఒకచోట, వెనక చక్రాల జాడ దానికి పక్కన పడ్డాయి.

"వెనకవి ముందువాటి వెంట రావడం లేదు. ఎప్పుడో బోల్తా పడి ఉంటుంది. చట్రం వంగింది" అన్నాడు ఆమెతో నెమ్మదిగా.

"అలైన్‌మెంటు చేయిస్త సార్. గంత పెద్ద ముచ్చటేం కాదు."

"చట్రం అలైన్‌మెంటుతో రాదు."

"అక్కకు స్టీరింగు అలవాటు లేక గట్ల అనిపించింది సార్. ఆడోళ్ల చేతికి..."

"ఆమె చెప్పాకే నేను జాడలు చూశాను" అన్నాడు శివరామకృష్ణ. ఆ మాటలో కోపం లేదు. అయినా బుచ్చయ్య చెయ్యి చాపి తాళం వెనక్కి తీసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో శాతంరాయి దాటింది. కాలు పట్టని సీటు గురించే అతను ఆలోచిస్తున్నాడని ఆమెకి తెలుసు. బండి కొనాలన్న పట్టుదల వల్ల అతన్ని మళ్లీ నొప్పిపెడుతున్నానేమోనని మొదటిసారి సందేహం కూడా కలిగింది. అప్పుడతను రోడ్డుకేసి చూస్తూనే అన్నాడు.

"జిప్సీల్లో వెనక సీట్లు అడ్డంగా ఉంటాయి, ఎదురెదురుగా. నేను వెనక కూర్చుంటే కాలు చాచుకోవచ్చు."

ఎవరి బండి ఎక్కినా స్టీరింగు వదలని మనిషి. పక్కసీట్లో కూర్చోవడమే చిన్నతనంగా ఉండేదతనికి. ఇప్పుడు సరుకులు పెట్టుకునే చోట తన కాలికి జాగా తనే వెతికాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమై ఉంటుందో ఆమెకి అర్థమైంది. "అయితే ఈసారి వెనక కూర్చుని చూడండి" అని మాత్రం అంది.

మూడో బండి వెతుక్కునే పని లేకుండా దొరికింది. శంషాబాద్ బజారులో వాళ్లు దాణాకి మక్కలూ తవుడూ కొనే దుకాణం ఫరీద్‌ది. అతనికి రెండో రకం జిప్సీ ఉంది, వెడల్పు చక్రాలది, పైన రేకు టాపుది. చెల్లెలి కుటుంబం కూడా వాళ్లింటికే వచ్చి చేరడంతో అందరికీ చాలక అతను పెద్ద బండి తీసుకున్నాడు. దీన్ని అమ్ముదామనుకుంటున్నాడని దుకాణంలోనే తెలిసింది.

మృదుల అడిగితే అతను దాపరికం లేకుండా చెప్పాడు. "రెండో గేరు పొద్దుగాల జర మొరాయిస్తది అక్కా. వేడెక్కినంక సక్కగ పడ్తది. పెట్రోలు మస్తు తాగుతది. వెనక కూసున్నోళ్లకు నడుము లేస్తది. ఇంజనైతే ఎన్నడూ బాట మీద ఆపలే."

దుకాణం వెనక ఇంటి గుమ్మంలో అతని భార్య సురయ్యా నిలబడి వింటోంది. "నువ్వే నడుపుతవా అక్కా? డ్రైవర్ను పెట్టుకుంటవా?" అని అడిగింది.

"నేనే నడుపుతాను."

సురయ్యా మొగుడి వైపు ఒక చూపు చూసింది. "ఒక దినమంత తీస్కపోయి చూసుకోనియ్యి" అంది. ఫరీద్ తాళాలు తీసి మృదుల చేతిలో పెట్టాడు. "మీ బాట మీదనే తిప్పి చూడుండ్రి. మాపటికి తెచ్చియ్యుండ్రి. సార్ కాలుకు సరిపోతదా లేదా ముందుగాల అది చూడుండ్రి."

ఆమె బండి తెచ్చుకున్న రోజునే హ్యాచరీ నుంచి కొత్త కోడిపిల్లలు రావాలి. పొద్దున్నే దుకాణం నుంచి బయల్దేరి మట్టిబాట మీదుగా ఫారానికి వచ్చింది. ముందురోజు వానకి వాగులో చీలమండల లోతు నీళ్లు పారుతున్నాయి. చిన్న గేరులో వేసి నింపాదిగా దాటించింది. ఇంటి ముందు ఆపితే అందరూ బయటికొచ్చారు. పదేళ్ల కూతురు సాహితి వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుంది. మంగాదేవి రెండు ఇటుకలు వేయించుకుని, మనవరాలు లాగుతుంటే, కోడలు నెడుతుంటే పైకి చేరింది. శివరామకృష్ణ వెనక అంచు మీద కూర్చుని, చేతుల మీద జరుగుతూ లోపలికెళ్లి, అడ్డంగా ఉన్న సీటు మీద వీపు ఆనించి కాలు చాచాడు. పాదం ఎదుటి సీటు కింది దాకా పోయింది. దేనికీ తగల్లేదు.

"పట్టింది" అన్నాడు.

ఆ ఒక్క మాటకే మృదుల సగం నిర్ణయం చేసేసుకుంది. అయినా బరువుతో వాగు దాటి చూడందే అవుననకూడదనుకుంది. అందరినీ ఎక్కించుకుని మళ్లీ బయల్దేరబోతుంటే రావిర్యాల వైపు ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే వాన దిగింది. షెడ్డు రేకుల మీద ఆ మోతకి పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడలేదు. అందరూ దిగి వసారాలోకి పరుగెత్తారు.

వాన కాస్త నెమ్మదించేసరికి ఫారంలో పనిచేసే కుర్మయ్య తడిసి ముద్దై వచ్చాడు. నడివయసు మనిషి, పరుగెత్తి పరుగెత్తి రొప్పుతున్నాడు.

"అమ్మా, కోడిపిల్లల వ్యాను వాగు అవతల రేగడిల దిగబడ్డది. చక్రాలు సగం మునిగినయ్. డ్రైవరేమో డబ్బాలు ఆడనే దింపి పోతనంటుండు."

పుట్టి ఒక రోజైనా నిండని పిల్లలు. అట్టపెట్టెల్లో కిక్కిరిసి ఉంటాయి. తడిసినా, చలి సోకినా ఒకదానిమీద ఒకటెక్కి నలిగిపోతాయి. ఇక్కడ షెడ్డులో ఊక పరిచి, కుంపట్లు రాజేసి, పొద్దుట్నుంచీ వాటికోసమే వెచ్చగా ఉంచారు. అవేమో వాగవతల ఉన్నాయి. నెత్తిన పెట్టుకుని దాటిద్దామంటే నీళ్లు అప్పటికే మోకాళ్లు దాటాయన్నాడు కుర్మయ్య.

మృదుల తాళాలు తీసుకుంది.

"అది మన బండి కాదు" అన్నాడు శివరామకృష్ణ. "మనల్ని నమ్మి ఇచ్చాడు. వాగులో దానికేమైనా అయితే ఫరీద్‌కి ఏం చెప్తాం?"

"జరిగింది చెప్తాను. అడక్కుండా దింపానని చెప్తాను. అడగడానికి వెళ్లాలన్నా ఆ వాగే దాటాలి కదండీ."

"పెట్టెలు వ్యానులోనే ఉంచమందాం."

"వ్యాను టాపు గుడ్డది. ఈ వానకి ఎంతసేపు ఆగుతుంది?"

అతను వాగు వైపు చూశాడు, బండి వైపు చూశాడు. తర్వాత చంకకర్ర గోడకి ఆనించి పెట్టి, వసారా స్తంభం పట్టుకుంటూ బండి దగ్గరికి వచ్చాడు. "నేనూ వస్తాను. పెట్టెలు కుదుపుకి ఒరిగిపోకుండా వెనక ఎవరో ఒకరు పట్టుకోవాలి. పైగా నువ్వు ఇంత నీళ్లలో ఎప్పుడూ నడపలేదు."

"మీరు కూడా నడపలేదుగా."

"లేదు. కానీ ఎలా నడపాలో తెలుసు."

కుర్మయ్య పొడుగాటి కర్ర పట్టుకుని ముందు నడిచాడు. నీళ్లలో రాళ్లెక్కడున్నాయో కర్రతో తడిమి చెయ్యి ఊపుతున్నాడు. వాగు ఎర్రగా, నురగలు కట్టి పారుతోంది. మృదుల గట్టు మీద ఆగింది. స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"చిన్న గేరులో వేశావా? నాలుగు చక్రాలూ తిరిగేలా కలిపావా?" వెనకనుంచి అతని గొంతు.

"వేశాను. కలిపాను."

"నీళ్లలోకి దిగాక గేరు మార్చకు. ఆపకు. క్లచ్చి జోలికి పోకు. కంగారుపడి కాలు తీసేశావో, ఇంజను నీళ్లు మింగుతుంది. ఒకే తీరుగా పోనీ."

దిగింది. నీళ్లు తలుపు కిందిదాకా వచ్చి రేకుని కొట్టాయి. మధ్యలో ముందు చక్రం ఏదో రాయి ఎక్కి బండి ఒక పక్కకి ఒరిగింది. ఇంజను గొంతు తగ్గింది. ఆమె ఎడమకాలు తనంతట తనే క్లచ్చి మీదికి పోబోయింది. "ముట్టుకోకు" అన్నాడతను. గట్టిగా అరవలేదు, పక్కనే కూర్చుని చెప్పినట్టు చెప్పాడు. ఆమె పాదం నేలకి నొక్కిపెట్టి కుడికాలు ఇంకాస్త అదిమింది. రాయి దాటింది. చక్రాలు అవతలి గట్టు మట్టిని కరిచాయి.

వ్యాను డ్రైవరూ, కుర్మయ్యా పెట్టెలు అందించారు. శివరామకృష్ణ కాలికి అటూ ఇటూ పేర్చుకున్నాడు, ఒళ్లో రెండు పెట్టుకున్నాడు, ఎదుటి సీటు మీదివి చేత్తో అదిమి పట్టుకున్నాడు. బండి లోపలంతా కీచుకీచుమనే రొద. మొదటి విడత షెడ్డు చేరింది. మంగాదేవి కుంపట్ల దగ్గర విసనకర్ర పట్టుకుని కూర్చుని ఉంది. సాహితి ఒక్కో పిల్లనీ తీసి ముక్కు బెల్లంనీళ్లలో ముంచి వదులుతోంది. మృదుల ఇంజను ఆపకుండానే పెట్టెలు దింపించి వెనక్కి తిప్పింది.

రెండో విడత కూడా దాటింది. మూడోదానికి వ్యాను దగ్గరికి చేరేసరికి వాన మళ్లీ పెరిగింది. కుర్మయ్య నీళ్లలో నిలబడలేక గట్టెక్కేశాడు. "ఇగ ఒద్దమ్మా, పారకం మస్తుగున్నది" అన్నాడు. వ్యాన్‌లో మిగిలిన కొన్ని పెట్టెలూ బండిలోకి చేరాయి. గుడ్డటాపు చిరుగులోంచి కారి వాటిలో ఒక పెట్టె అప్పటికే నానిపోయింది.

మృదుల భర్త వైపు తిరిగింది. ఈసారి అతన్ని నిజంగానే అడిగింది. "వాగు పోనిస్తుందంటారా?"

అతను నీళ్లకేసి చూశాడు. అవతలి గట్టున సగం మునిగిన తుప్పకేసి చూశాడు. "ఇప్పుడైతే పోనిస్తుంది. ఇంకాసేపాగితే పోనివ్వదు. ఎగువకి కొద్దిగా ఏటవాలుగా పట్టు. నీళ్లు ఎలాగూ కిందికి నెడతాయి."

అతను చెప్పినట్టే పట్టింది. నీళ్లు నెట్టాయి. వెనక చక్రం రాతిపరుపు అంచు దాటి జారింది. అడుగున దబ్బుమని ఏదో రాయికి తగిలి ఇనుము విరిగిన చప్పుడైంది. బండి శబ్దం ఒక్కసారిగా రెట్టింపై గర్జించడం మొదలుపెట్టింది. మృదుల కాలు తీయలేదు. వెనకనుంచి అతను ఒక్కటే అంటున్నాడు, "సైలెన్సరే, ఇంకేం కాదు, పోనీ, పోనీ." ఒడ్డెక్కేసరికి ఆమె జాకెట్టు వాన తగలకుండానే చెమటకి తడిసింది.

నానిన పెట్టెలో పిల్లలు చాలావరకు దక్కలేదు. మిగిలినవన్నీ కుంపట్ల చుట్టూ చేరి, కాసేపటికి ఊక మీద చెల్లాచెదురుగా తిరుగుతూ దాణా గిల్లడం మొదలుపెట్టాయి. పిల్లలు అలా విడివిడిగా తిరుగుతున్నాయంటే చలి వదిలిందన్నమాట. మృదుల షెడ్డు గుమ్మంలో నిలబడి అది చూసి, అప్పుడు కూర్చుంది.

మాపటికి బండి ఇచ్చేస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకోలేకపోయింది. వాగు ఆ రాత్రంతా దిగలేదు. మర్నాడు పొద్దున్న నీళ్లు తగ్గగానే భర్తను వెనక ఎక్కించుకుని బయల్దేరింది. ఆ గర్జనకి బజారంతా తలలు తిప్పి చూసింది. ఫరీద్ దుకాణం మెట్లు దిగి ఎదురొచ్చాడు. మృదుల దిగగానే జరిగిందంతా, ఏదీ తగ్గించకుండా చెప్పింది.

"మిమ్మల్ని అడక్కుండా వాగులో దింపాను. రాయి తగిలి సైలెన్సరు విరిగింది. నేను కొన్నా కొనకపోయినా బాగుచేయించి ఇచ్చేది నేనే."

ఫరీద్ వంగి బండి కింద చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు. అతని మొహంలో కోపం దాగలేదు. "రాత్రంత పరేషాన్ అయినం అక్కా. బండి వాగుల కొట్టుకపోయిందో, మీరే పోయిండ్రో తెల్వకపాయె. తెల్లారంగనే నేను వాగు దాక ఒచ్చి చూసిన. నీళ్లు తప్ప ఏం కానరాలే. గిట్ల చేస్తరా ఎవరన్న?"

"తప్పే" అంది మృదుల.

వెనక తలుపు తీసుకుని శివరామకృష్ణ అంచు మీదికి జరిగాడు. "ఆమె ఒక్కర్తే కాదు ఫరీద్ భాయ్. ఎగువకి పట్టమని చెప్పింది నేను. ఆ రాయి నేను చూడలేదు."

సురయ్యా గుమ్మం దాటి వచ్చింది. "పిల్లలు బతికినయా?" అని అడిగింది.

"ఒక పెట్టె పోయింది. మిగతావన్నీ బతికాయి."

"ఇగ వాటిని చూసుకోండ్రి" అంది మృదులతో. "సైలెన్సర్ ముచ్చట ఎంతసేపు" అంది మొగుడితో. ఫరీద్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాల మీది ఎర్రమట్టి కాలితో తట్టాడు. కోపం తగ్గిందో, తగ్గించుకున్నాడో గానీ గొంతు మామూలైంది. "గంత పారకంల దాటిందా? మూడు మాట్లు?"

"మూడుసార్లూ దాటింది."

"మరి తీసుకుంటరా?"

మృదుల ఒకసారి భర్త వైపు చూసింది. అతను తల ఊపలేదు. ఈ మాట ఆమే చెప్పాలన్నట్టు ఊరుకున్నాడు.

"మీ రెండో గేరు మీరు చెప్పినదానికంటే మొండిది. మావారికి రాత్రి నడుం పట్టేస్తే తైలం రాయాల్సొచ్చింది. అత్తయ్య ఎక్కడానికి మెట్టు పెట్టించాలి. కొత్తది దీనికంటే బాగా లాగుతుంది, నేను నడిపి చూశాను కాబట్టి తెలుసు. అయినా ఇదే తీసుకుంటాను."

ఫరీద్ నవ్వాడు. సురయ్యా లోపలికెళ్లి చాయ్ తెచ్చింది. శివరామకృష్ణకి గ్లాసు అందిస్తూ, "సార్, ఎట్ల దాటిండ్రో మొదటికెల్లి చెప్పుండ్రి" అంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. చిన్న గేరు గురించి, క్లచ్చి గురించి, ఏటవాలుగా పట్టడం గురించి. దుకాణానికి మక్కల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగి వింటున్నారు. మృదుల మధ్యలో అందుకోకుండా చాయ్ తాగుతూ నిలబడింది. ఏడాదిగా అతను ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడి ఎరగడు.

అటునుంచి అటే హైవే మీది వెల్డింగ్ షాపుకి వెళ్లారు. సైలెన్సరు అతుకుపెడుతుంటే శివరామకృష్ణ బల్ల మీద కూర్చుని, మెట్టు ఎక్కడ బిగించాలో, ఎంత కిందికి దించితే రాళ్లకి తగలకుండా ఉంటుందో సుద్దముక్కతో రేకు మీద గీసి చూపిస్తున్నాడు. ఆ పని అయ్యాక, రెండో గేరు సంగతి ఇవాళే తేల్చాలని, దానికి సిటీలో తనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడని చెప్పాడు.

"ఆరాంఘర్ మీదుగా పోవాలి" అంది మృదుల, లారీ గుద్దిన ఆ చోటు తలుచుకుని.

"పోదాం" అన్నాడతను.

ఆమె రెండు చేతులతో పట్టుకోగా అతను వెనక ఎక్కి కాలు చాచుకున్నాడు. మృదుల బండి హైవే ఎక్కించి, లారీల వరసలో సందు దొరికేదాకా ఆగి, సిటీ వైపు తిప్పింది.